యాదగిరి బండి ఎందుకు మరిగింది

అడగనిది చెబుతున్నాను

"మెకానిక్‌కు చెవులుంటే చాలు, కళ్లు లేకపోయినా నడుస్తది" అని మా ఉస్తాద్ కరీం భాయ్ అనేవాడు. ముప్పై నాలుగేళ్లు ఆ మాట నమ్ముకుని మిలిటరీ బండ్ల వర్క్‌షాపులో పని చేశాను. ఫిట్టర్‌గా చేరాను, నలుగురు ఫిట్టర్ల మీద పెద్దగా ఉండి రిటైరయ్యాను. మధ్యలో ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో నాకే సరిగ్గా గుర్తులేదు, ఇక మీకు చెప్పి ఏం లాభం.

ఇప్పుడు యాప్రాల్‌లో ఉంటున్నాను. మా కాలనీలో ఐటీఐ చదివినవాళ్లు అప్పుడప్పుడు వచ్చి, "ఇంటర్వ్యూల ఏమడుగుతరు సార్" అంటారు. ఇంటర్వ్యూలో అడిగేవి గైడు పుస్తకాల్లో ఉంటాయి. అందులో దొరకనిది రాద్దామని కూర్చున్నాను.

నేను బాగు చేసిన బండ్ల లెక్క నాకు లేదు. చెడగొట్టిన బండి మాత్రం ఒకటి ఉంది. బండి చెడితే మళ్లీ బాగు చేసుకోవచ్చు. కానీ ఆ బండి వల్ల యాదగిరి అనే డ్రైవర్ పేరు చెడింది. నీళ్లు చూసుకోకుండా ఇంజన్ కాల్చినవాడని ముప్పై ఏళ్లు అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆ పేరు చెడగొట్టింది నేనేనని మొన్న ఎండాకాలంలో తెలిసింది. పైన ప్రమోషన్ల ముచ్చట పక్కన పెట్టి ఇది రాయడానికి కారణం అదే.

కరీం భాయ్ స్కూలు

చేరిన కొత్తలో ఆరు నెలలు నా చేతికి పానా ఇవ్వలేదు. డీజిల్ తొట్టి ముందు కూర్చోబెట్టి విప్పిన భాగాలు కడగమన్నాడు కరీం భాయ్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బేరింగులు, గేర్లు, బోల్టులు. ఇంటికి పోతే మా అవ్వ దగ్గరికి రానిచ్చేది కాదు, దీపం అంటుకుంటదని. అప్పుడు ఏడుపొచ్చేది గానీ, ఇవాళ ఏ బండి గేర్ చేతిలో పెట్టినా అది ఎంత అరిగిందో వేలితో చెప్పగలనంటే ఆ తొట్టి పుణ్యమే. కాబట్టి కొత్తగా చేరినవాళ్లను కడుగుడు పనికి పెడితే ముఖం మాడ్చుకోకండి.

ఒకసారి నేనే సొంతంగా ఒక గేర్‌బాక్స్ బిగించాను. మొదటిది. కరీం భాయ్ వచ్చి, ఇంజన్ నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన గేర్‌బాక్స్ మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని కాసేపు విన్నాడు.

"వెనక బేరింగ్ కాడ రేకు మర్షినవ్ బేటా."

"లేదు ఉస్తాద్, ఏసిన."

"జేబుల చూస్కో."

జేబులో చెయ్యి పెడితే ఉంది. బేరింగ్ కదలకుండా వేసే పలుచటి రేకు, సిగరెట్ కాగితమంత ఉంటుంది. మొత్తం మళ్లీ విప్పించాడు. తిట్టలేదు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు, అది తిట్ల కంటే ఎక్కువ.

మా దగ్గర ఒక ఆచారం ఉండేది, రూల్సులో లేనిది. ఎవరు బిగించిన భాగం మీద వాళ్లు పంచ్‌తో చిన్న గుర్తు కొట్టాలి. కరీం భాయ్‌ది ఒక్క చుక్క. నాది రెండు చుక్కలు, పక్కన ఒక గీత. "పని జేసినోడు నిషానీ పెట్టాలె. మంచిగైతే షాబాష్ నీకే, ఖరాబైతే గాలీలు గూడ నీకే" అనేవాడు. గుర్తు కొట్టేటప్పుడు నాకు షాబాష్ మాత్రమే గుర్తుండేది, తిట్లు కాదు.

ఆయన నేర్పిన వాటిలో ఇంకొకటి ఉంది. ఇంజన్ మీద, నీళ్లు రేడియేటర్‌లోకి పోయే దారిలో ఒక వాల్వ్ ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అది మూసుకుని ఉండి, నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వదు. ఇంజన్ వేడెక్కాక తెరుచుకుంటుంది. అది పాతబడి మూసుకుపోతే బండి మరుగుతుంది, కొత్తది స్టోర్‌లో దొరకదు. అందుకని కరీం భాయ్ దాన్ని పీకి డబ్బాలో పడేసేవాడు. "సల్లటి దేశాలోళ్లకు గావాలె గిది. మన ఎండలకు ఎందుకు" అనేవాడు. ఆయన చెప్పిన పాత బండ్లకు ఆ మాట నిజమే, పీకితే ఇంజన్ కాస్త ఆలస్యంగా వేడెక్కుతుంది, అంతే. మేమంతా పీకేవాళ్లం. డబ్బా నిండితే దాన్ని చూపించి నవ్వుకునేవాళ్లం, పరాయి దేశం ఇంజనీర్లకు మనం బుద్ధి చెప్పామని.

కరీం భాయ్ నా గురువు. ఆయన మీద ఒక్క మాట పడనివ్వను. పాత బండ్లు ఆయనకు తెలుసు, ఆయన చెప్పింది వాటి గురించి. కొత్త బండికి కూడా అదే సరిపోతుందని అనుకున్నవాణ్ని నేను.

ఘాట్‌లో ఆగిన బండి

కరీం భాయ్ రిటైరైన ఏడాదే మాకు కొత్త రకం మూడు టన్నుల ట్రక్కులు వచ్చాయి. కొన్నేళ్లు తిరిగాక అందులో మొదటిది రిపేరుకు వస్తే దాని నీళ్ల పని నాకిచ్చారు. రేడియేటర్ కడిగాను, పైపులు మార్చాను, పంపు చూశాను, అలవాటు ప్రకారం వాల్వ్ పీకాను. మూత బిగించి రెండు చుక్కలు, గీత కొట్టాను. ఆ నెలలోనే నన్ను గేర్‌బాక్సుల సెక్షన్‌కు మార్చారు.

ఆ బండి వచ్చిననాటి నుంచి దాని డ్రైవర్ యాదగిరి. మేడ్చల్ మనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్ద, యాదగిరన్నా అని పిలిచేవాణ్ని. మధ్యాహ్నం ఒకే చెట్టు కింద తినేవాళ్లం. నా టిఫిన్‌లో ఏముందో ముందు ఆయనే మూత తీసి చూసేవాడు. ఆయన టిఫిన్‌లో చింతకాయ తొక్కు ఉంటే నాకు పండగ. బండిని మాత్రం పెళ్లికూతుర్ని చూసుకున్నట్టు చూసుకునేవాడు. పొద్దున బయల్దేరే ముందు బానెట్ ఎత్తాలి, రేడియేటర్ మూత తీసి నీళ్లు చూడాలి, పసుపుపచ్చ గుడ్డతో మూత తుడిచి బిగించాలి. తొందరగా రమ్మని ఎవరు అరిచినా ఈ వరస తప్పేవాడు కాదు. "పూజ అయిందా అన్నా" అని మేము ఆటపట్టించేవాళ్లం.

ఆ ఎండాకాలం పది పన్నెండు బండ్లు సామానుతో శ్రీశైలం ఘాట్ మీదుగా పోయాయి. యాదగిరి బండి మాత్రం ఇంకో బండి వెనక గొలుసుకు కట్టుకుని తిరిగొచ్చింది. ఇంజన్ హెడ్ పగిలింది. రేడియేటర్‌లో చుక్క నీళ్లు లేవు.

ఎంక్వైరీ పెట్టారు. మా ఆఫీసర్ చెడ్డవాడు కాదు, నిజం తెలుసుకుందామనే అందరినీ అడిగాడు. నన్నూ పిలిచాడు. నీ పనిలో ఏమైనా లోపం ఉందా అని అడిగాడు.

లేదు సార్ అన్నాను. రేడియేటర్ కారలేదు, పైపులు గట్టిగా ఉన్నాయి, పంపు తిరుగుతోంది అన్నాను. అక్కడితో ఆగి ఉంటే కొంత మేలు. "నీళ్లుంటే ఇంజన్ గిట్ల కాదు సార్" అని కూడా అన్నాను. చేసిన పని మీద అంత నమ్మకం నాకు.

యాదగిరి నాకు రెండు మూరల దూరంలో నిలబడి ఉన్నాడు. "పొద్దుగాల మెడ దాక పోసిన సార్. నా చేతులతోనే పోసిన. ఘాట్ల వేడి సూపే సూది ఎర్రగీత మీదికి రాంగనే ఆపుదామని చూసిన, పక్కకు తీసే జాగ దొరకలే. జాగ దొరికేటాల్లకు మొత్తం మరిగి పోయినయ్" అన్నాడు.

ఖాళీ రేడియేటర్ అందరికీ కనిపించింది. పొద్దున పోసిన నీళ్లు ఆయనకు తప్ప ఎవరికీ కనిపించలేదు. ఆయన్ను స్టీరింగ్ నుంచి తీసేసి గేటు దగ్గర పెట్టారు. రిటైరయ్యేదాకా అక్కడే. వేరేవాళ్ల బండ్లు వచ్చినప్పుడు అడ్డకర్ర లేపడం, పోయాక దించడం. నా స్కూటర్‌కు కూడా రోజూ లేపేవాడు. "నమస్తే లింగం" అనేవాడు. నేను తల ఊపి పోయేవాణ్ని. మంచి ఇంజన్ పాడు చేశాడని నాకు ఆయన మీద కోపం. చెట్టు కింద తినడం నేనే మానేశాను. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది, అయినా రాయాలి.

బండిని పనికిరాదని రాసేసి వేలంలో అమ్మేశారు. హెడ్ పగిలిన బండిని ఎవరు కొన్నారో ఎవరూ పట్టించుకోలేదు.

షామీర్‌పేట చెరువు పక్కన

మొన్న ఎండాకాలం మొదట్లో పోచయ్య అనే ఆయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. షామీర్‌పేటలో చేపలు పట్టే కుటుంబం, నలభై దాటిన మనిషి.

"కాకా, నీకు మిలిటరీ బండ్లు ఎరుకనంట. మా నాయిన యాలంల కొన్న బండొకటుంది. నడవాలె."

"ఎన్నేండ్లాయె నడువక?"

"మా నాయిన పోయి ఎనిమిదేండ్లు. అంతకుముందు నాలుగేండ్ల సంది నిలబడే ఉంది."

"ఇప్పుడు దాంతోని ఏం పని పడ్డది?"

కాస్త సిగ్గుపడి చెప్పాడు. వాళ్ల నాయిన బాలయ్య బండి కొన్నప్పుడు గండిమైసమ్మ గుడి దగ్గరికి తీసుకుపోయి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తానని మొక్కుకున్నాడట. రెండుసార్లు బయల్దేరాడు. రెండుసార్లూ మేడ్చల్ దాటకముందే మరిగి, ఇంకో బండికి తాడు కట్టుకుని తిరిగొచ్చాడు. పోయే ముందు కూడా ఆ మాటే అన్నాడట. "లారీ మీద ఎక్కిచ్చి తీస్కపోదమన్నరు మావోళ్లు. పీనుగ లెక్క మోస్కపోవుడేంది కాకా. దాని కాళ్ల మీద అది పోవాలె" అన్నాడు పోచయ్య.

నాకు ఆ మాట నచ్చింది. పోయి చూశాను. చెరువు వెనక రేకుల షెడ్డు కింద ఉంది. బానెట్ మీద వలలు ఆరేశారు, సీటు మీద కోడి పొదుగుతోంది. మీద మీద వేసిన నీలం రంగు, ఎర్ర రంగు, అడుగున ఎక్కడో మిలిటరీ పచ్చ. నంబర్లు గీకేశారు. ఈ రకం బండ్లు నా చేతి కింద ఎన్నో పోయాయి, కాబట్టి ఫలానా బండి అని గుర్తుపట్టే ఊసే లేదు. కానీ ఆ డీజిలు, గ్రీజు కలిసిన వాసన ముక్కుకు తగలగానే నా వయసు ముప్పై ఏళ్లు తగ్గినట్టయింది. ఆ సంగతి పోచయ్యకు చెప్పలేదు, పని ఎక్కువుందని గట్టిగా చెప్పాను.

కోడి పిల్లలు చేసేదాకా సీటు జోలికి పోలేదు. ముందు రేడియేటర్ విప్పాను. లోపల గొట్టాలు సగం పూడిపోయాయి. ఇన్నేళ్లూ చెరువు నీళ్లు పోశారు, ఆ బురదంతా గట్టిపడింది. మరగడానికి కారణం దొరికిందనుకున్నాను. పోచయ్యకు చెరువు నీళ్ల మీద ఉపన్యాసం ఇచ్చాను, పాపం చేతులు కట్టుకుని విన్నాడు. దూలపల్లిలో లేతు మిషన్లు పెట్టుకున్న తెలిసిన ఆయన ఉన్నాడు. ఆయన చేత రేడియేటర్‌కు లోపలి గొట్టాలు కొత్తవి వేయించాను, నీళ్ల పంపుకు కొత్త ఇరుసు చేయించాను.

తర్వాత గేర్‌బాక్స్. రెండో గేరు వేస్తే నిలవడం లేదు, దానంతటదే జారిపోతోంది. మూత విప్పి, నూనె తుడిచి, టార్చి పెట్టి చూశాను. అది పాత కాలపు డబ్బా. ఇప్పటి బండ్లలాగా గేర్లు తమంతట తాము సర్దుకుని పడవు. క్లచ్ రెండుసార్లు తొక్కి, ఇంజన్ వేగం చెవితో విని, సరిగ్గా సమయానికి వేయాలి. తొందరపడితే గర్రుమని పన్ను అంచులు చితుకుతాయి. ఒకటి, రెండు గేర్ల అంచులు బాగా చితికాయి. మూడు, నాలుగు మాత్రం అరిగాయి గానీ ఒక్క పన్ను కూడా చితకలేదు. అంత నడిచిన బండిలో అట్లాంటి గేర్లు నేను చాలా తక్కువ చూశాను.

"మీ నాయిన మూడో గేరు మస్తు మంచిగ ఏసిండే" అన్నాను.

పోచయ్య నవ్వాడు. "మా నాయిన ఒకటి, రెండు దాటలే కాకా. చెర్ల మట్టి కొట్టుడు, చేపల డబ్బాలు రోడ్డు దాక తెచ్చుడు, గంతే. స్పీడు పోతే మరిగేది గదా."

"అయితే మిలిటరీల దీన్ని నడిపినోడు ఎవడోగాని, వాని చేతులకు దండం పెట్టాలె."

నిజంగానే అన్నాను. చితికిన పన్ను మళ్లీ మొలవదు. తర్వాత వందమంది ఎంత జాగ్రత్తగా నడిపినా మొదటివాడి తొందర అక్కడే ఉండిపోతుంది. ఈ గేర్లను ఏళ్ల తరబడి నడిపినవాడు ఒక్కరోజు కూడా తొందరపడలేదు. ఎవరూ చెప్పాల్సిన పని లేకుండా ఆ డబ్బానే చెబుతోంది. బేరింగులు మార్చి, గేరును పట్టి ఉంచే స్ప్రింగులు కొత్తవి వేసి మూత పెట్టాను.

రెండు చుక్కలు, ఒక గీత

షెడ్డు నుంచి తారు రోడ్డు దాకా మట్టిదారి, చివర్లో మంచి ఎత్తు. ఇసుక బస్తాలు నింపి ఎక్కించాను. గేర్లు వెన్నలాగా పడ్డాయి. నాలుగోసారి ఎక్కేసరికి మరిగింది.

నాకు తల తిరిగింది. రేడియేటర్ కొత్తది, పంపు సరిగ్గా ఉంది, ఫ్యాను తిరుగుతోంది, నీళ్లు నిండా ఉన్నాయి. మరగడానికి లేదు, అయినా మరిగింది. చూడనిది ఒక్కటే మిగిలింది, ఇంజన్ మీద వాల్వ్ ఉండే గూడు. బాలయ్య హెడ్ మార్పించాడు గానీ ఆ గూడు, దాని మూత పాతవే. బోల్టులు తుప్పుతో అతుక్కున్నాయి, వేడి చేసి విప్పాల్సి వచ్చింది. లోపల వాల్వ్ లేదు, ఖాళీ. ఎవడో పీకాడు అనుకుంటూ మూత మీద తుప్పును బ్రష్‌తో రుద్దాను.

రెండు చుక్కలు. పక్కన గీత.

అక్కడే డ్రమ్ము మీద కూర్చున్నాను. ఆ రకంలో నేను నీళ్ల పని చేసింది ఒకే బండికి. మళ్లీ లేచి గూటిలోకి చూశాను. అడుగున పక్కకు ఇంకొక రంధ్రం ఉంది. పాత బండ్లలో అది ఉండదు. ఇంజన్ వేడెక్కినప్పుడు వాల్వ్ రేడియేటర్‌కు పోయే పై దారి తెరుస్తూ, కింది భాగంతో ఈ రంధ్రాన్ని మూయాలి. వాల్వే లేకపోతే ఆ రంధ్రం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కాలిన నీళ్లలో సగం రేడియేటర్ మొహం చూడకుండా ఆ రంధ్రంలోంచి మళ్లీ ఇంజన్‌లోకే పోతాయి. చదునులో, ఖాళీ బండికి ఏమీ తెలియదు. ఎండలో, బరువుతో ఘాట్ ఎక్కితే మరగక ఏం చేస్తుంది.

అప్పుడు నాకు ఇంకోటి గుర్తొచ్చింది, ఇన్నేళ్లూ రానిది. ఆ రోజు వాల్వ్ పీకినప్పుడు ఆ రంధ్రాన్ని చూశాను. ఇదేందని వేలు పెట్టి కూడా చూశాను. బండి పుస్తకం ఆఫీసు బీరువాలో ఉంది, ఇంగ్లీషులో. తాళం అడిగితే, "ఇన్నేండ్ల ఫిట్టర్‌వి, నీకు పుస్తకం గావాల్నా" అని నవ్వుతారని అడగలేదు. మధ్యాహ్నం భోజనాల సైరన్ మోగింది. మూత బిగించి, గుర్తు కొట్టి, చెట్టు కిందికి పోయి యాదగిరి తెచ్చిన తొక్కుతో అన్నం తిన్నాను.

పోచయ్య వచ్చి, "ఏమాయె కాకా, పాణం మంచిగ లేదా" అని అడిగాడు. నీళ్లు తాగి ఇంటికొచ్చేశాను.

రెండు రోజుల తర్వాత సరైన వాల్వ్ సంపాదించి వేశాను. మళ్లీ అవే ఇసుక బస్తాలు, అదే ఎత్తు, మిట్టమధ్యాహ్నం. పదిసార్లు ఎక్కించాను. సూది మధ్యలో నిలబడింది, కదలలేదు. పోచయ్య ఎగిరి గంతేసినంత పని చేశాడు. నాకు మాత్రం మళ్లీ మరిగితే బాగుండునని అనిపించింది. మరిగితే తప్పు ఇంకెక్కడో ఉందని అనుకోవచ్చు గదా. ఇన్నేళ్ల పనిలో బాగైన బండిని చూసి ఏడుపొచ్చింది అదొక్కసారే.

మేడ్చల్‌లో

మూడు రోజులు ఏదో ఒక సాకు చెప్పుకుని పోలేదు. ఇప్పుడు చెప్పి ఏం లాభం, ముసలాయన మర్చిపోయి ఉంటాడు, గాయం కెలకడం ఎందుకు. ఇట్లాంటి మాటలు మనసుకు భలే తొందరగా దొరుకుతాయి. నాలుగో రోజు బస్సెక్కాను.

యాదగిరి ఇల్లు మేడ్చల్ బస్టాండ్ వెనక సందులో. మనిషి చిక్కిపోయాడు, నడుము కొంచెం వంగింది. నన్ను చూసి, "లింగమా, రా రా" అంటూ కుర్చీ లాగాడు. నేనేదో రోజూ వచ్చేవాణ్నయినట్టు. ఆయన భార్య సత్తెమ్మ వదిన చాయ్ పెట్టడానికి లోపలికి పోతూ, "ట్యాంకి నిండిందా?" అని అడిగింది.

"నిండింది. మోటర్ బంద్ జేసిన."

"నీళ్ల సంగతి నీకప్పజెప్తె అయినట్టే. నేనే ఒకసారి చూసొస్త" అని నవ్వుతూ మెట్లెక్కి పోయింది. యాదగిరి కూడా నవ్వాడు. ఆ ఇంట్లో అదొక పాత వేళాకోళమని అర్థమైంది. నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

"యాదగిరన్నా, నీ బండి దొరికింది."

"ఏ బండి?"

"ఘాట్ల ఆగిందే, గది."

ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. నేను నిలబడే మొత్తం చెప్పాను. వాల్వ్ పీకింది, రంధ్రం చూసి కూడా వదిలేసింది, పుస్తకం అడగనిది, ఆఫీసర్ ముందు అన్న మాట. "నీళ్లు నువ్వు పోసినవన్నా. తప్పు నాది. నా గుర్తు ఉంది దాని మీద" అన్నాను.

యాదగిరి భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. తర్వాత అడిగాడు.

"వాల్వ్ పెట్టినంక మరగలేదా?"

"మరగలే."

"లోడుతోనా?"

"లోడుతోనే. పదిసార్లు ఎక్కిచ్చిన."

"ఎండలనా?"

"మిట్టమధ్యానం."

తల ఊపాడు. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "తిట్టుడు నాకు రాదు లింగం. ఒక్క మాట జెప్తా. మొదలు నాకు గట్టిగ ఎరుకనే, నీళ్లు పోసిన అని. అందరు అనంగ అనంగ, గేటు కాడ కూసోని కూసోని, నాకే అనుమానమొచ్చింది. గా రోజు తొందరల సరింగ చూడలేదేమో, ఊకె పోసిన పోసిన అంటున్ననేమో అనుకున్న. నా కండ్లనే నేను నమ్మకపోతిని."

ఉద్యోగం పోయినా మనిషి తట్టుకుంటాడు. నేను ఈయన దగ్గర తీసుకున్నది అంతకంటే పెద్దది.

"గీ మాట సత్తెమ్మకు గూడ జెప్పు" అన్నాడు. "నేను జెప్తే నమ్మదని గాదు. నీ నోటితోని వినాలె."

వదిన మెట్లు దిగి వచ్చింది. మళ్లీ మొదటినుంచి చెప్పాను, ఆమెకు అర్థమయ్యేటట్టు, చాయ్ గిన్నె, జల్లెడ చూపించి. విని, గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె యాదగిరి వైపు చూడలేదు, నా వైపే చూసింది.

"గా రంధ్రం కనవడ్డప్పుడు పుస్తకం ఎందుకు చూడలే మరిది?"

ఎంక్వైరీలో అడగాల్సిన ప్రశ్న అదే. ఎవరూ అడగలేదు. "నవ్వుతరని వదినా" అన్నాను. లోపలికి పోయి చాలాసేపటికి చాయ్ తెచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. యాదగిరి గ్లాసు ముందు ఇచ్చి, తర్వాత నాకిచ్చింది.

మా పాత ఆఫీసుకు ఉత్తరం రాశాను. అక్కడ మా పేర్లు తెలిసినవాళ్లే లేరు, ఆ ఫైలు ఎప్పుడో పోయి ఉంటుంది, జవాబు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. చెవి మంచిదే, గురువు మాట మంచిదే. కానీ తెలియని రంధ్రం కనబడితే మూత పెట్టకండి. నవ్వితే నవ్వనివ్వండి, పుస్తకం అడగండి. బండి కాలిపోతే డ్రైవర్ వైపు చూసే ముందు మీ గుర్తు ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. మీరు వదిలేసింది మీ మీద పడదు, ఎప్పుడూ ఇంకెవరి మీదో పడుతుంది.

బయల్దేరే ముందు

ఆ ఆదివారం బండి షామీర్‌పేట నుంచి మేడ్చల్ మీదుగా గండిమైసమ్మ దాకా ఎక్కడా ఆగకుండా పోయింది. పోచయ్య నడిపాడు, నిమ్మకాయలు తొక్కించాడు, బాలయ్య మొక్కు తీరింది. నేను చెప్పాల్సింది మాత్రం బయల్దేరే ముందు జరిగింది.

యాదగిరి, సత్తెమ్మ వదిన పొద్దున్నే ఆటోలో వచ్చారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ముందే అనుకున్న ప్రకారం షెడ్డు నుంచి తారు రోడ్డు దాకా ఆయనే నడపాలి. "ఎక్కు పెద్దనాయినా" అన్నాడు పోచయ్య తలుపు తీసి పట్టుకుని.

యాదగిరి ఎక్కలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందుకొచ్చి బానెట్ ఎత్తాడు. జేబులోంచి గుడ్డ తీశాడు, పసుపుపచ్చది, కొత్తది. రేడియేటర్ మూత తిప్పి తీసి, వంగి లోపలికి చూశాడు. అందరం నిలబడి ఉన్నాం. ఈసారి పూజ అయిందా అని ఎవరూ అడగలేదు.

"లింగం, గిటు రా" అన్నాడు. "నువ్వు గూడ చూడు."

పోయి వంగి చూశాను.

"కనవడుతున్నయా?"

"కనవడుతున్నయన్నా. మెడ దాక ఉన్నయ్."

"గా రోజు గూడ గింతనే ఉండె" అన్నాడు.

మూత తుడిచి బిగించి, బండెక్కాడు.